మూడు ముళ్ల బూటు

నేను ఒక ఎడమకాలి బూటును. పుట్టుక పరాగ్వే ఆవు తోలు. ఆవు బతికుండగా దాన్ని తోలారు, చచ్చాక తోలు తీశారు, నన్ను కుట్టాక తన్నడం నేర్పారు. మనిషి చేతికి చిక్కితే ఇంతే మర్యాద.

నాలో దూరిన కాలు నికనోర్‌ది. నది ఒడ్డున ఉన్న ఒక ఊరి క్లబ్బుకి మావాడు పదిహేడేళ్లు స్ట్రైకర్. కొట్టినవి రెండువందల పన్నెండు గోల్స్. జనానికి గుర్తున్నది ఒక్కటే. అదీ వాడిది కాదట, నాదట!

కప్పు ఫైనల్, ఆఖరి నిమిషం, పెనాల్టీ. వాచిన పాదానికి ఓర్వలేక మావాడు నా లేసు వదులుగా కట్టాడు. తన్నాడు. బంతి అటు వెళ్లింది, నేను ఇటు ఎగిరాను. అవతలి గోల్‌కీపర్ ఫాబియానో పాపం, బంతిని వదిలి నన్ను ఒడిసిపట్టాడు! గోలు గోలే అన్నాడు రిఫరీ. అది మొదలు ఒకటే గోల. మావాడు ఏ వీధిలో కనబడ్డా "బూటుగారూ, కులాసాయా?" తక్కిన గోల్స్‌ని కత్తిరించిన గోళ్లలా పారేశారు.

పదేళ్లకు ఎడమ మోకాలు అరిగిపోయింది. "వచ్చేవారం ఆపరేషన్. ఆ తరువాత ఈ కాలు మడత పడదు," అన్నాడు డాక్టరు. ఆటగాడికి కాలు ఉన్నంతవరకే కాలం. క్లబ్బు వీడ్కోలు మ్యాచ్ పెట్టి, మావాడికి ఒక పెనాల్టీ ఇచ్చింది.

సెల్ఫ్ గోల్ అంటే తన వలలో తానే వేసుకునేది కదా. నికనోర్ కోరిన సెల్ఫ్ గోల్ వేరు: ఇది నాదీ అని చెప్పుకోగలిగేది, ఒక్కటంటే ఒక్కటి. అటకమీది నన్ను దింపి, లేసుకి మూడు ముళ్లు వేశాడు. పెళ్లిలో కూడా అంత గట్టిగా వేయరు. లోపల పాదం మూలుగుతోంది. బయట స్టేడియం అరుస్తోంది: "బూటు ఎగరెయ్! బూటు ఎగరెయ్!"

గోల్లో మళ్లీ ఫాబియానోనే. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. దగ్గరకొచ్చి గుసగుసగా, "నేను కుడివైపు పడిపోతా. నువ్వు నా ఎడమకి మెల్లగా తోసెయ్, చాలు," అన్నాడు.

ఇన్నాళ్లూ కాలితో బతికినవాడు కాళ్లావేళ్లా పడ్డాడు. "వద్దురా, నీ కాళ్లు పట్టుకుంటా. నిజంగా ఆపు. నువ్వు వదిలేస్తే అది నీ గోలవుతుంది. ఒకటేమో బూటుది, ఒకటేమో నీది. మరి నాదేదిరా?"

ఫాబియానో వెళ్లి గోల్లో నిలబడ్డాడు.

మావాడు పరుగెత్తాడు. మోకాలు కలుక్కుమనడం నాకు వినబడింది. మిగిలిన బలమంతా నాలోకి దించాడు. బంతిని అంత శుభ్రంగా నేనెన్నడూ తాకలేదు. మూలకు దూసుకుపోతోంది. ఫాబియానో దూకాడు, పొట్టతో సహా. వేలికొసలతో బయటికి తోసేశాడు. లేవలేదు. మొహం గడ్డిలో పెట్టుకుని ఏడ్చాడు.

"బాగా ఆపావురా," అన్నాడు కూలబడ్డ నికనోర్.

జనం మాత్రం, "ఛ, బూటు ఎగరలేదే!"

ముళ్లు విప్పితే రాలేదు. పక్కన లేసు కత్తిరించి నన్ను ఊడదీశారు. ఇప్పుడు క్లబ్బు మ్యూజియంలో, గాజుపెట్టెలో ఉన్నాను. కింద చీటీ: "కప్పు గెలిచిన బూటు." మావాడి పేరుకి చోటు చాలలేదట.

మంగళవారాలు చేతికర్రతో వచ్చి, మడవని కాలు చాచుకుని నా ఎదుట కూర్చుంటాడు. "ఇదేనా ఎగిరిన బూటు?" అని అడిగినవాళ్లకు, "ఎగిరింది సరే, ఆ ముళ్లు చూడండి," అంటాడు. ఎవరూ చూడరు.

నేనైనా చెబుదును. నాకూ లేసు కింద తోలు నాలుక ఉంది. ఏం లాభం, దాని మీదే ఆ మూడు ముళ్లు.