అర లీటరు

నన్ను వెనకాల అందరూ ‘ఆయిల్ పురాణం’ అంటారని నాకు తెలుసు. మొహం మీద అనే ధైర్యం మా బావకొక్కడికే ఉండేది. బావంటే నా చెల్లెలి భర్త. ఇరవై రోజుల కిందట కొండదారి పోటీలో అతని కారు మంటలంటుకుని, అదుపు తప్పి పిట్టగోడను గుద్దింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. ఆ కారు ఇంజిను విప్పిందీ, బిగించిందీ నేనే.

పురాణం అన్న మాటలో అబద్ధం లేదు. టర్బో కారు తెచ్చి ‘అన్నా, బూస్టు పెంచు’ అని ఎవడొచ్చినా ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయిల్ గురించి గంటసేపు వాయించేవాణ్ణి. కంపెనీవాడు పుస్తకంలో సున్నా-ఇరవై అని పల్చటి ఆయిల్ రాశాడంటే, అది ఆఫీసుకెళ్ళి ఇంటికొచ్చే కారుకి రాశాడు. నువ్వు పెద్ద టర్బో పెట్టి, ఇంజినుని నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్చి, ఇంజిను బలం రెట్టింపు చేశాక ఆ నీళ్ళు ఎలా సరిపోతాయి? నీకు కావలసింది చిక్కటి పది-అరవై. ఇంజినులోకి గాలిని తోసే ఆ టర్బో రెక్కల ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. దానికీ దాని గూటికీ మధ్య ఉండేది ఆయిల్ పొర ఒక్కటే. ఆ పొర తెగిందా, ఇక అంతే సంగతులు. ఇదీ నా వరస. వింటూ ఆవలించినవాడి బండి ముట్టుకునేవాణ్ణి కాదు. తాళాలు చేతిలో పెట్టి దారి చూపించేవాణ్ణి. నా నోటికి జడిసి రావడం మానేసినవాళ్ళు కూడా ఉన్నారు.

శ్రద్ధగా విన్నది మా చెల్లెలు ఒక్కతే. బావకి కారు తోలడం వచ్చు గానీ, దాని మంచీ చెడూ పట్టేది కాదు. పోటీ కారు వాళ్ళింటి ముందు షెడ్డులో ఉండేది కాబట్టి, రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూసే పని చెల్లెలికి అప్పగించాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి చూసేది. ‘అన్నయ్యా, గీతకి గోరంత కిందుంది’ అని ఫోన్ చేసేది. ఆయిల్ తక్కువుంటే బండిని గేటు దాటనివ్వకు అని ఆమెకి ఒకటికి పదిసార్లు చెప్పింది నేనే.

పోటీ రోజు పొద్దున కూడా చూసింది. గీతకి బాగా కిందుంది. చిక్కటి ఆయిల్ డబ్బా నా దగ్గరుంది. నేనేమో ముందే కొండ మీదికి వెళ్ళిపోయాను, అక్కడ ఫోన్ పలకదు. బావ తొందరపడుతున్నాడు. చెల్లెలు తన చిన్న కారు కోసం ఉంచుకున్న పల్చటి ఆయిల్ డబ్బా తెచ్చి, అర లీటరు పోసి, గీత దాకా వచ్చిందని చూసుకుని, బండిని పంపింది.

ప్రమాదం తర్వాత వాహన తనిఖీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇంజిను అడుగు నుంచి ఆయిల్ సీసాలోకి పట్టుకుని వెళ్ళాడు. టర్బో విప్పి చూడనే లేదు. పన్నెండో రోజున రిపోర్టు వచ్చింది. ఇంజినులో రెండు రకాల ఆయిల్ కలిసి ఉందనీ, తగని పల్చటి ఆయిల్ వల్ల టర్బో దెబ్బతిని మంటలు లేచి ఉండవచ్చనీ అందులో రాశాడు.

చెల్లెలు ఆ కాగితం మూడుసార్లు చదివింది. మొగుడు పోయిన రోజు నుంచీ ఆమె కంట నీరు లేదు. ఇప్పుడూ రాలేదు.

“పల్చటి ఆయిల్ అంటే నేను పోసిందేగా, అన్నయ్యా?” అంది.

“వాడి మొహం. వాడికేం తెలుసు?” అన్నాను.

“నువ్వు కూడా అదేగా చెప్పేవాడివి? పల్చటిది పోస్తే పొర తెగుతుందని.”

అర లీటరు పల్చటిది ఐదు లీటర్ల చిక్కటి దాంట్లో కలిస్తే ఏమీ కాదు. ఒక్క పోటీకి అసలేమీ కాదు. ఆయిల్ తక్కువతో కొండెక్కించడం కంటే ఆమె చేసిందే మేలు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నా పురాణంలో ఇలాంటి మినహాయింపులు ఎప్పుడూ చెప్పలేదు. జనాన్ని భయపెట్టడమే నాకు అలవాటు. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది. చెబితే మరి టర్బో ఎందుకు పోయిందని అడుగుతుంది. దానికి జవాబు నా దగ్గరే ఉందేమోనని అప్పటికే నాకు అనుమానం.

పోటీ ఆదివారం. అంతకుముందు గురువారం మధ్యాహ్నం బావ కారుకి కొత్త టర్బో ఎక్కిస్తున్నాను. టర్బోలోకి ఆయిల్ దిగే పైపు మూతి దగ్గర పల్చటి రేకు ప్యాకింగ్ ఒకటి పెట్టాలి. టర్బోతో పాటు వచ్చింది సైజు కుదరలేదు. పాతది విప్పేటప్పుడే చిరిగింది. కొత్తది తెప్పించాలంటే సోమవారం.

బావ పాత టైరు మీద కూర్చుని చూస్తున్నాడు. “పోనీలే బావా, ఈసారికి మానేద్దాం. పోటీలు ఎక్కడికి పోతాయి?” అన్నాడు.

అన్నాడు. నిజంగా అన్నాడు. ఆ మాట నా చెవుల్లోంచి ఇప్పటికీ పోవడం లేదు.

“నా చేతిలో పడ్డ బండి ప్యాకింగ్ లేక ఆగిందంటే నలుగురూ నవ్వుతారు. నువ్వు మూసుకుని కూర్చో, పురాణం వినడం తప్ప నీకేం తెలుసు?” అన్నాను. నవ్వాడు.

ప్యాకింగ్ బదులు ఎర్ర పేస్టు రాశాను. ట్యూబులోంచి పిండితే ఆరి రబ్బరులా గట్టిపడే పేస్టు. ఇంజిను మూతలకీ, నీళ్ళ పైపులకీ అందరం వాడతాం. టర్బో ఆయిల్ పైపు మూతికి మాత్రం రాయకూడదు. బోల్టు బిగించగానే పేస్టు లోపలికి ఒత్తుకుంటుంది, ఆరాక ముక్కగా ఊడుతుంది. ఆ రంధ్రంలో అగ్గిపుల్ల దూరడమే కష్టం. ముక్క అడ్డం పడితే ఆయిల్ అందదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. పక్క వీధి మెకానిక్ ఒకడు ఇదే పని చేస్తే నలుగురి ముందూ వాణ్ణి దుమ్మెత్తిపోశాను. నా చెయ్యి దగ్గరికొచ్చేసరికి, పల్చగా రాస్తే ఏం కాదులే అనుకున్నాను. ముప్పై ఏళ్ళ పనితనం మీద అంత నమ్మకం.

బావకి ఏం రాస్తున్నానో చెప్పలేదు. చెప్పినా అతనికి తెలిసేది కాదు.

పద్దెనిమిదో రోజు పొద్దున తనిఖీ ఆఫీసువాళ్ళు ఆ కారుని లాక్కొచ్చి నా షెడ్డులో దింపి వెళ్ళారు. ముందు సీటు వైపు చూడకుండా బానెట్ రేకు కోశాను. టర్బో విప్పాను. ఇరుసు నల్లగా మాడి విరిగింది. విరిగిన రెక్కలు గూటిని చీల్చి ఆయిల్ పైపుని తెంపాయి. పైపులోంచి చిమ్మిన ఆయిల్ ఎర్రగా కాలిన ఎగ్జాస్టు గొట్టం మీద పడింది. మంట అలా లేచింది. ఇంజిను మిగతా భాగమంతా విప్పి చూశాను. ఒక్క బేరింగు మీద గీత లేదు. పల్చటి ఆయిల్ ఏ పాపమూ చెయ్యలేదు. చివరికి పైపు మూతి తీసి సన్నటి తీగతో పొడిచాను. ఎర్ర ముక్క ఒకటి ఊడి అరచేతిలో పడింది. బియ్యపు గింజంత ఉంది.

షెడ్డు తలుపు మూసుకుని ఏడ్చాను. వయసొచ్చినవాణ్ణి, నోరు గుడ్డతో నొక్కుకుని ఏడ్చాను. తర్వాత ఆ ముక్కని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఎవరు చేసినా పోయినవాడు తిరిగి వస్తాడా అనుకున్నాను. చెల్లెలికి ఉన్న ఒక్క అన్నయ్యనీ పోగొట్టడం ఎందుకు అనుకున్నాను. ఇలాంటివి ఎన్నైనా అనుకోవచ్చు. అసలు సంగతి భయం. ఆమె నన్ను ఎలా చూస్తుందోనని భయం.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పడానికి వెళ్ళానంటే అబద్ధం. ఎలా ఉందో చూసి వద్దామని వెళ్ళాను. చెల్లెలు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఎదురుగా కంచంలో కలిపిన అన్నం ఎండిపోతోంది.

“ఎవరికి కలిపావు?”

“పిడుగుకి.” పిడుగంటే నా మేనకోడలు. ఎనిమిదేళ్ళది. ఇంట్లో అందరికీ ఆ పేరే అలవాటు. “వారం రోజులుగా నా చేతి ముద్ద ముట్టడం లేదు. పక్కింటావిడ పెడితే తింటోంది. నాతో మాట్లాడదు, నా పక్కన పడుకోదు.”

“చిన్నపిల్ల. దిగులు పడి ఉంటుంది.”

“దిగులు కాదు. నాన్న ఎందుకు పోయాడని అడిగింది. నేను పోసిన ఆయిల్ వల్ల అని చెప్పాను.”

“బుద్ధుందా నీకు? పసిపిల్లకి అలాంటి మాట ఎవరైనా చెబుతారా?” అని అరిచాను. అరవడానికి నాకేం అర్హత ఉందో నాకే తెలియదు.

“ఏం చెప్పమంటావు మరి? రేపు పెద్దదయ్యాక ఆ రిపోర్టు చదవదా? అబద్ధమాడానని అప్పుడు తిట్టుకునే బదులు ఇప్పుడే అసహ్యించుకోనీ.” కంచం వైపే చూస్తూ మాట్లాడుతోంది. “దాని తప్పేముంది? నన్ను చూస్తే నాకే అలా ఉంది.”

పక్కన కూర్చుని, జేబులోంచి కాగితం తీసి విప్పి, కంచం పక్కన పెట్టాను. అంతా చెప్పాను. చిరిగిన ప్యాకింగ్ గురించి, ఎర్ర పేస్టు గురించి, మానేద్దామన్న బావ మాట గురించి. ఆమె పోసిన ఆయిల్ వల్ల ఇంజిను మీద గీత కూడా పడలేదని చెప్పాను.

చెల్లెలు ఆ ముక్కని ముట్టుకోలేదు.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“మొన్న.”

“మొన్న ఎప్పుడు?”

“పొద్దున.”

“మొన్న మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేశావు,” అంది మెల్లగా. “అన్నం తిన్నావా అని అడిగావు. తినాలని లేదన్నాను. ఏదో ఒకటి తినమ్మా అని పెట్టేశావు.”

తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

“నాకు చెప్పడం అయిపోయిందిగా. వెళ్ళి దానికి చెప్పు.”

పిడుగు లోపలి గదిలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. నన్ను చూడగానే జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేదు.

“అమ్మ పోసిన ఆయిల్ వల్ల ఏమీ కాలేదు, నాన్నా. అమ్మ సరిగ్గానే చేసింది. నేను టర్బో బిగించేటప్పుడు రాయకూడని పేస్టు రాశాను. అది ఊడి లోపల అడ్డం పడింది. దానివల్ల మంటొచ్చింది.”

చిన్న కళ్ళు ఇంతింత చేసి చూసింది.

“రాయకూడదని నీకు తెలీదా?”

“తెలుసు.”

“తెలిసే రాశావా?”

“తెలిసే రాశాను. మీ నాన్న పోటీకి వెళ్ళడం మానేస్తానన్నాడు. నేనే మానొద్దన్నాను.”

పిడుగు మంచం దిగి, నాకు తగలకుండా గోడ పక్కనుంచి జరుగుతూ గదిలోంచి వెళ్ళిపోయింది.

కాసేపటికి వంటింట్లోంచి గొంతు వినిపించింది. “అమ్మా, ఆకలేస్తోంది.”

ఆ తర్వాత చెల్లెలి ఏడుపు వినిపించింది. ఇరవై రోజుల్లో అదే మొదటిసారి. పెద్దగా, అడ్డూ ఆపూ లేకుండా ఏడ్చింది. నేను గదిలోనే గోడకానుకుని నిలబడ్డాను. ఆ ఇంట్లోంచి బయటికి వెళ్ళాలంటే వంటింట్లోంచే వెళ్ళాలి.

ఏడుపు సద్దుమణిగాక బయల్దేరాను. చెల్లెలు మళ్ళీ అన్నం కలుపుకుని ముద్దలు పెడుతోంది. పిడుగు ఆమె మోకాళ్ళకి అతుక్కుని కూర్చుని తింటోంది. ఇద్దరూ తలెత్తలేదు. ఆ ముక్కని మళ్ళీ కాగితంలో జాగ్రత్తగా చుట్టి తీసుకున్నాను.

“ఆ తనిఖీ ఆఫీసుకి వెళ్ళి చెప్పు,” అంది చెల్లెలు. “ఆ ఆయిల్ మాట తీసి నీ పేరు రాయమను.”

“ఇప్పుడే వెళ్తున్నాను.”

“వెళ్ళు.”

గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటున్నాను. లోపల్నుంచి పిడుగు, నోట్లో ముద్దతోనే, తల్లికి చెబుతోంది.

“మామయ్య మళ్ళీ రాకుండా తలుపేసెయ్యమ్మా.”

అలా అనకూడదని చెల్లెలు వారిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాను. ఎంగిలి చేత్తోనే లేచి వచ్చింది. నా మొహంలోకి చూసి, తలుపు మూసి గడియ పెట్టింది.