గడ్డికి కావాల్సిన పిల్ల

పొద్దున్నే సలోమి తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. ఒడిలో పుస్తకం. పాఠం సగమయ్యేసరికి చీలమండలు మునుగుతాయి, పాఠం పూర్తయ్యేసరికి తొట్టి నిండుతుంది. తల్లి రోజీ ముంచి బిందెలకు పోస్తుంది. గోడ అవతల నుంచి ఎవరో ఒకరు కేకేస్తారు.

"సలోమీ, మాకూ ఒక బిందె పెట్టమ్మా. ట్యాంకరు రాలేదు."

మార్కాపురంలో ఎక్కడ బోరేసినా ఉప్పునీళ్ళే. ఆ పిల్ల అరికాళ్ళ కింద మాత్రం తీపినీళ్ళు ఊరతాయి. పుట్టినప్పటి నుంచీ అంతే. కొందరికి పాటలొస్తాయి, కొందరికి లెక్కలొస్తాయి, సలోమికి నీళ్ళొస్తాయి. ఎవరి పిల్ల అని గానీ, కాళ్ళ నీళ్ళని గానీ ఎవరూ అనలేదు. దాహం అట్లాంటిది.

ఆ నీళ్ళతోనే ఏడుకొండలు టీ కాస్తాడు. ఆయన కొట్టు ఫుట్‌బాల్ గ్రౌండు గేటు పక్కనే. రోజీ అక్కడ గ్లాసులు కడుగుతుంది. టౌన్ క్లబ్బు అభిమానులంతా పొద్దునా సాయంత్రం ఆ బెంచీల మీదే ఉంటారు. గ్రౌండులో హైబ్రిడ్ పిచ్ వేస్తున్నారని తెలిసినప్పటి నుంచి వాళ్ళకు వేరే మాట లేదు.

"సగం గడ్డి, సగం ప్లాస్టిక్కంట," అన్నాడు ఆటో సురేంద్ర.

"సగం కాదురా. నూటికి ఐదు పాళ్ళు ప్లాస్టిక్కు. మిషనుతో నేలలోకి కుడతారు. గడ్డి వేళ్ళు ఆ పోగుల్ని పట్టుకుంటాయి. ఎంత తొక్కినా లేచిపోదు." కాటమరాజు చెప్పినాడు. రిటైరైన కండక్టరు ఆయన. క్లబ్బు ఏ ఊరికి ఆడబోయినా వెంట ఉంటాడు.

"మరి గొర్రెలు మేస్తే మామా?"

"నీలాంటివి మేస్తే అరగదు."

అందరూ నవ్వినారు.

"వానొస్తే బురద కాదా?" ఏడుకొండలు అడిగినాడు.

"అడుగున ఇసుక, దాని కింద కంకర. ఎన్ని నీళ్ళు పోసినా దిగిపోతాయి. బురద అన్న మాటే లేదు."

రోజీ చేతిలో గ్లాసు ఆగింది.

సలోమికి బంతంటే ప్రాణం. కానీ ఆమె పరిగెత్తిన చోటల్లా నేల తడిసి బురదయ్యేది. బంతి కూరుకుపోయేది. పోయినేడు స్కూల్లో ఒక పిల్ల జారిపడితే మోకాలు బెణికింది. "నువ్వు బయట నిలబడమ్మా" అన్నారు. అప్పటి నుంచి ఇంటి వెనక గోడకు బంతి తన్నుకుంటుంది, ఒక్కతే.

ఆ సాయంత్రం రోజీ చెప్పింది. "కొత్త గ్రౌండులో బురద కాదంట."

సలోమి తన్నబోయిన బంతిని ఆపింది. తర్వాత అడిగింది. "అయితే నేనూ ఆడొచ్చా అమ్మా?"

"ఆడొచ్చేమో."

పిచ్ వేసినారు. ఊరంతా వచ్చి చూసిపోయింది. కొన్నాళ్ళకే బోరునీళ్ళ ఉప్పుకు గడ్డి మాడింది. ప్లాస్టిక్కు మాత్రం నిగనిగలాడతా నిలబడింది.

"మామా, నువ్వు చెప్పిన ఐదు పాళ్ళే పచ్చగుంది," అన్నాడు సురేంద్ర. కాటమరాజు నవ్వలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

మరునాడు క్లబ్బు సెక్రటరీ దశరథరామయ్య టీకొట్టు కాడికి వచ్చినాడు. బజారులో బట్టల దుకాణం ఆయనదే. టీ తాగడానికి రాలేదు.

"రోజీ, మీ పాపను పొద్దునా సాయంత్రం గ్రౌండంతా ఒకసారి నడిపించమ్మా. ఊరి పరువు."

రోజీ కొంగుకు చేతులు తుడుచుకుంది. "ఆడనిస్తారా సార్?"

"ఎందుకాడనివ్వం? గిద్దలూరుతో మొదటి మ్యాచు ఆడపిల్లలదే. అందులో ఆడిస్తాం."

బెంచీల మీద అందరూ విన్నారు. కాటమరాజు తలూపినాడు.

రోజీ మొగుడు పేతురు పలకల గనిలో రాళ్ళు చీలుస్తాడు. ఆ రాత్రి అన్నం తింటా, "మాటిచ్చినారు గదా, పంపు," అన్నాడు.

సలోమి నడిచింది. ఈ గోలు నుంచి ఆ గోలు దాకా, మళ్ళీ ఓ అడుగు జరిగి ఇటు, నాగలి సాలు పట్టినట్టు. వెనక గడ్డి తేరుకుంది. బురద కాలేదు. ఒకరోజు బంతి చంకన పెట్టుకుని పోతే వాచ్‌మన్ లాక్కున్నాడు. "ఆట తర్వాత. ముందు నడువు."

అరికాళ్ళు తెల్లగా ముడతలు పడినాయి. తోలు ఊడొచ్చింది. పుస్తకం మీదే నిద్రపోయేది. ఇంట్లో తొట్టి సగానికి రావడం లేదు.

"ఏంది రోజమ్మా, ఈ పూట ఒక్క బిందేనా?" ఏడుకొండలు విసుక్కున్నాడు.

మ్యాచు రోజు సలోమి ఎవరిదో జెర్సీ అడిగి తెచ్చుకుని వేసుకుంది. భుజాల కాడ వదులైతే రోజీ లోపల పిన్నులు పెట్టింది. గేటు కాడ దశరథరామయ్య ఆపినాడు.

"నువ్వు ఆడితే ఎట్లమ్మా? కాలికేమన్నా అయితే గడ్డి గతేంది? నువ్వు గడ్డికి కావాల్సిన పిల్లవి. ఇంటర్వెల్లులో ఒకసారి నడుద్దువులే."

రోజీ అభిమానుల వైపు చూసింది. మాటిచ్చిన రోజు విన్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"ఆయన చెప్పేదాంట్లో న్యాయముంది గదా రోజీ," అన్నాడు కాటమరాజు, గ్రౌండు వైపు చూస్తా. "ఆడేదానికి ఎవురైనా ఆడతారు. నీ బిడ్డ చేసేది ఇంకెవురు చేస్తారు?"

"పొగుడుతున్నాడక్కా," అన్నాడు సురేంద్ర.

సలోమి ఏడవలేదు. జెర్సీ విప్పి మడతపెట్టి తల్లి చేతికిచ్చింది. ఇంటర్వెల్లులో తలొంచుకుని నడిచింది. జనం చప్పట్లు కొట్టినారు. తిరిగొచ్చినాక రోజీ వంగి ఆమె కాళ్ళు తుడిచింది. కొంగు తడవలేదు.

ఆ మరునాడూ తడవలేదు.

దశరథరామయ్య కారులో ఒంగోలు తీసుకుపోయి డాక్టరుకు చూపించినాడు. "కాళ్ళు బాగున్నాయి, అందరి కాళ్ళలాగే ఉన్నాయి," అన్నాడు డాక్టరు. ఆ తర్వాత క్లబ్బు నుంచి మనిషి రాలేదు.

గడ్డి పోయింది. బెంచీల మీద ఇప్పుడు కొత్త మాట. మొత్తం ప్లాస్టిక్కే వేస్తే నీళ్ళ గోలే ఉండదంట. "టీ ఉప్పగుంది" అని ఒకరిద్దరు గొణిగినారు. ఏడుకొండలు చక్కెర ఎక్కువ వేసినాడు.

గనుల కాడ పనికిరాని పలకముక్కలు పోసిన బయలుంది. కూలోళ్ళ పిల్లలు అక్కడ ఆడతారు. ఒక ఆదివారం ప్రార్థన అయినాక సలోమి అటు పోయింది. రోజీ వెనకే పోయి గట్టున నిలబడింది. ఎవరూ బయట నిలబడమనలేదు. సలోమి ముగ్గుర్ని దాటి, మెడ తిప్పకుండా బంతిని రెండు రాళ్ళ మధ్యకు కొట్టింది. పిల్లలు ఎగిరినారు. ఆమె నవ్వలేదు.

కాటమరాజు సైకిలు మీద పోతా ఆగినాడు. చానాసేపు నోరు తెరుచుకుని చూసినాడు.

"ఏంది రోజీ ఇది! ఇంత బాగా ఆడుతుందని ఒక్క మాటన్నా చెప్పలేదే!"

రోజీ బయల్లోకే చూస్తా ఉంది.

ఆయన సైకిలు స్టాండేసి, గట్టు దిగి, చెయ్యెత్తి పిలిచినాడు. "సలోమీ! రేపు పొద్దున క్లబ్బుకు రా తల్లీ!"

సలోమి బంతి మీద కాలు పెట్టి ఆగింది. చెమట తుడుచుకుంది.

"ఇంకా నడవాలా తాతా?"

కాటమరాజు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అప్పటికే పిల్ల బంతి వెంట పోయింది. ఆమె వెనక దుమ్ము లేచింది.