పుంతెన్‌కి జవాబు

మూడోసారి కూడా గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. పనివాళ్ళంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలు వేలెత్తి వెనక్కి చూపించింది. వంటమనిషి తిరుపాలమ్మ మళ్ళీ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి మొదట్నించి మొదలుపెట్టింది. ఎడమచేతిలో ట్రే, అందులో నీళ్ళు నింపిన పన్నెండు గ్లాసులు. నడుము వంచాలి. కుడిచెయ్యి నేలవైపు చాపాలి. సోఫాల ముందు నుంచి అలాగే నడిచిపోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటయింది. పొద్దున ఐదింటికి లేచిన మనిషి కడుపులో చాయ్ తప్ప ఏమీ పడలేదు. సాయంత్రం అసర్ నమాజు కాగానే మామా కూతురి నిశ్చితార్థానికి ఇరవైమంది ఆడవాళ్ళు మిష్రిఫ్ పేటలోని ఈ అరబ్బుల ఇంటికి వస్తారు.

"వంగటం రానివాళ్ళు ఈ ఇంట్లో ఉండక్కర్లేదు. మక్తబ్‌కి పోవచ్చు" అని మామా మేడెక్కింది.

మక్తబ్ అంటే పనిమనుషుల్ని తెప్పించి ఇచ్చే ఆఫీసు. వెనక్కి పంపినవాళ్ళని అక్కడ ఒక గదిలో పెట్టి తాళం వేస్తారు. ఇప్పుడున్న పనిపిల్ల లిలిస్ రాకముందు ఈ ఇంట్లో చేసిన సిలోను పిల్లని అలాగే పంపారు. రెండుసార్లు ఫోను చేసి ఏడ్చింది. మూడోసారి చెయ్యలేదు. ఏమైందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఈ వంగి నడవడం మామా పుట్టించింది కాదు. ఎనిమిది నెలల కిందట లిలిస్‌తో పాటు ఇంట్లోకి వచ్చింది. లిలిస్‌ది ఇండోనేషియాలో జావా పడమటి కొండల్లో ఒక పల్లె. అక్కడివాళ్ళని సుందా వాళ్ళంటారు. వచ్చిన మొదటిరోజు తిరుపాలమ్మ కింద కూర్చుని బియ్యం ఏరుతుంటే ఆ పిల్లకి సింకు దగ్గరికి పోవాల్సి వచ్చింది. నడుము కొంచెం వంచి, కుడిచెయ్యి కిందికి చాపి, "పుంతెన్" అని నిలబడిపోయింది. కడుపునొప్పేమో అనుకుని తిరుపాలమ్మ వాము డబ్బా తీసింది. తర్వాత వచ్చీరాని అరబ్బీలో ఒకరికొకరు చెప్పుకుని తెలుసుకున్నారు. కూర్చున్నవాళ్ళు పెద్దయినా చిన్నయినా, వాళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు అలా అడిగి పోవాలట. కూర్చున్నవాళ్ళు "మంగ్గా" అనాలట, అట్లాగే పోమ్మా అని. ఆ మాట వినిపించేదాకా కాలు కదపకూడదని వాళ్ళమ్మ నేర్పింది.

లిలిస్ గిన్నె పక్కన పడ్డ ఒక్క మెతుకునైనా వదలదు. వాళ్ళ పెద్దలు చెప్పే కథలో వరి ఒక అమ్మవారి ఒంటి నుంచి మొలిచిందట. అది విన్నప్పట్నించీ తిరుపాలమ్మకి ఆ పిల్ల తన మనిషే అనిపించింది.

డ్రైవరు ఓబులేసుది లక్కిరెడ్డిపల్లె పక్క. వంటింటి బయట స్టూలు మీద కూర్చుని తింటుంటే ఆ పిల్ల అతని ముందూ వంగేది.

"ఇది నాకు గూడా వొంగుతాది సూడక్కా. ఇంటికాడ నా పెండ్లామయితే నన్ను కాలితో జరుపుతాది."

"నువ్వు కదిలే రకమైతే ఆయమ్మ కాలెందుకు ఎత్తుతాది? బదులు చెప్పు, పాపం నిలబడుకోనుంది."

ఓబులేసు నోట్లో ముద్దతోనే "మంగ్గా" అనేవాడు.

పోయిన నెల మామా వాళ్ళక్క వచ్చినప్పుడు ఇది చూసింది. ముచ్చటపడి, ఎవరు నేర్పారని అడిగింది. నేనే నేర్పానంది మామా. ఆ రోజు నుంచి అది ఇంటి చట్టమైంది. ఇంట్లోవాళ్ళ ముందు పనివాళ్ళందరూ వంగాలి, ఆరేళ్ళ పిల్లాడి ముందు కూడా. పనివాళ్ళు ఒకరికొకరు మాత్రం వంగకూడదు. వంటమనిషికీ నాకూ ఒకటే మర్యాదా అని మామా అడిగితే లిలిస్‌కి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

తిరుపాలమ్మకి బాగా అర్థమైంది. ఇప్పుడు మామా మేడెక్కగానే ట్రే దించి, నడుము పట్టుకుని వంటింటి గోడకి ఆనుకుంది.

"మా ఊర్లో పెద్దిండ్ల ముందర మాయమ్మ చెప్పులు చేతిలో పట్టుకోని వొంగి పోతాండె. సచ్చేదాకా అట్లే పాయ. మా వీదిలో చెప్పులేసుకోని నిటారుగా నడిసిన మొదటి ఆడదాన్ని నేనే. దానికి తిన్న దెబ్బలు ఈపున ఇంగా ఉండాయి. నువ్వు యాడ్నించో మోసుకొచ్చి మల్లా నా నడుం మిందనే పెడితివి గదమ్మే."

అంతా తెలుగులో అనేసి, మళ్ళీ వచ్చినంత అరబ్బీలో చెప్పింది.  లిలిస్ ముక్కలు ముక్కలుగా కూడబలుక్కుంది. తిరుపాలమ్మని తేతే అని పిలుస్తుంది ఆ పిల్ల, వాళ్ళ భాషలో అక్క అని.

"తేతే, అది వేరే. మా ఊళ్ళో నేను వంగితే కూర్చున్న మనిషి కాళ్ళు ముడుచుకుని జవాబిస్తుంది. ఇద్దరం తగ్గుతాం. ఇక్కడ జవాబు ఎవరిస్తారు?"

తిరుపాలమ్మ మళ్ళీ ట్రే అందుకుంది. రాయచోటిలో కూతురు నర్సింగు చదువుతోంది. ఇంకా ఏడాది ఉంది. నెలకి నలభై ఐదు దినార్లిచ్చే ఈ వంటిల్లు తప్ప ఆ చదువుకి వేరే ఆధారం లేదు.

"ఒక్క సాయంత్రమే గదా, వొంగుదాంలే" అంది, ఎవరికో నచ్చజెప్తున్నట్టు.

అసర్ దాటాక హాలు నిండింది. బఖూర్ ధూపం పొగ వంటింటి దాకా వచ్చింది. జ్యూసు ట్రేతో లిలిస్ ముందు, ఖర్జూరాల ట్రేతో తిరుపాలమ్మ వెనక వెళ్ళాలని మామా చెప్పి ఉంది.

లిలిస్ మొదటి సోఫా ముందు వంగి "పుంతెన్" అంది. ఆగింది. గ్లాసు తీసుకున్నావిడ పక్కావిడతో మాట్లాడుతూనే ఉంది. రెండో సోఫా దగ్గరా అలాగే ఆగింది. మూడోదాని దగ్గర ఒక పడుచుపిల్ల లేచి, లిలిస్ వెనకే వంగి, చెయ్యి నేలకి వేలాడేసుకుని నడిచింది. హాలంతా నవ్వింది. కొత్తగా వచ్చిన కెమెరా ఫోన్లు పైకి లేచాయి. ఒకావిడ తనకి ఫోటో సరిగా రాలేదంది. మామా నవ్వుతూ, గుమ్మం దగ్గర్నించి మళ్ళీ నడిచి రమ్మని లిలిస్‌కి సైగ చేసింది.

లిలిస్ గుమ్మం దాకా వచ్చి తిరుపాలమ్మ పక్కన నిలబడింది. ఊపిరి తీసుకుంది. తర్వాత హాలు మధ్యనుంచి, ఎవరి ముందూ ఆగకుండా, ఎవరికీ వంగకుండా వెళ్ళి, ట్రేని మామా ముందున్న బల్లమీద పెట్టింది.

నవ్వులు ఆగిపోయాయి. మామా మొహంమీద మాత్రం నవ్వు అలాగే ఉంది. ఫోను తీసి ఓబులేసుకి చేసింది. మక్తబ్‌కి వెళ్ళాలి, కారు ముందు గేటు దగ్గర పెట్టమని నెమ్మదిగా చెప్పింది. ఎంతమంది అని అతను అడిగినట్టున్నాడు. మామా వెంటనే చెప్పలేదు. గుమ్మంలో ఉన్న తిరుపాలమ్మ వైపు చూస్తూ, "ఆగు, చెప్తాను" అంది.

లిలిస్ బల్ల దగ్గరే నిలబడి ఉంది.  తిరుపాలమ్మకి కూతురి మొహం కళ్ళముందు ఆడింది. సిలోను పిల్ల ఏడుపూ వినిపించింది. ట్రేని రెండు చేతులా పట్టుకుని ఒక అడుగు వేసింది. రెండోదీ వేసింది. ఇరవైమందీ ఆమె నడుము వైపే చూస్తున్నారు. అది వంగలేదు.

"ఇద్దరు" అంది మామా ఫోనులో.

తిరుపాలమ్మ ఆ మాట విని కూడా ఆగలేదు. మొదటి సోఫా దాకా నడిచి ఖర్జూరాలు అందించింది. అప్పటికే చెయ్యి చాపిన ఆవిడ మామా వైపు చూసింది. ఆ చెయ్యి ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. బయట గేటు తెరుస్తున్న చప్పుడు వినిపించింది.