సందు లేని తొడుగు

నేను ఒక పన్ను తొడుగుని. డాక్టర్లు క్రౌన్ అంటారు, జనం క్యాప్ అంటారు. ఎలా పిలిచినా నా పని ఒకటే. విరిగిన పన్ను మీద కూర్చుని దాని పరువు కాపాడాలి. నాది జిర్కోనియా జాతి. చూడడానికి పింగాణీలా ఉంటాను కానీ కొరికితే ఎముక విరగాలి తప్ప నేను విరగను. గొప్పలు చెప్పుకుంటోందని విసుక్కోకండి. ఇప్పుడు నేనున్న చోట నా గొప్పలు వినే దిక్కు లేదు.

నన్ను ఎవరూ చేత్తో మలచలేదు. పట్నంలో ఒక దంత వైద్య కళాశాలలో పీజీ చదువుతున్న హిమజ అనే అమ్మాయి పెన్ను లాంటి కెమెరాను ఒకాయన నోట్లో తిప్పింది. తెర మీద ఆయన పళ్లన్నీ వరసగా లేచి నిలబడ్డాయి. పై వరసలో ముందు పన్ను ఒకటి సగానికి విరిగి ఉంది. పక్కనున్న మంచి పన్నును అద్దంలో చూపించినట్టు తిప్పి, ఇదే నీ రూపం అని నాకు ఖాయం చేసింది. ఆ తరవాత యంత్రం నన్ను సుద్దలాంటి మెత్తని బిళ్లలోంచి చెక్కింది. కావలసిన దానికంటే పెద్దగా చెక్కింది, ఎందుకంటే కొలిమిలో కాలాక నేను కుంచించుకుపోతాను. ఎంత తగ్గిపోతానో కూడా ముందే లెక్క వేసేశారు. సొంత పిల్లల విషయంలో కూడా మనుషులకి అంత ముందుచూపు ఉండదు.

నేను ఒక్కదాన్నే పుట్టలేదు. ఏ పదార్థంతో చేసిన తొడుగు పంటికి బాగా అతుకుతుందో తేల్చడమే హిమజ పరిశోధన. అందుకని ఒకే పంటికి ముగ్గురం తయారయ్యాం. నేను, గాజు జాతి అక్క, ప్లాస్టిక్ చెల్లి. అక్క ఊదా రంగులో పుట్టి, కొలిమిలోంచి బయటికి వచ్చేసరికి పంటి రంగు తెచ్చుకుంది. చెల్లి కొలిమి మొహమే చూడలేదు. చెక్కడం అవగానే చక్కా వచ్చి డబ్బాలో కూర్చుంది.

పంటికీ మాకూ మధ్య ఎంత సందు ఉందో తెలుసుకోవడానికి మా లోపల పలచని రబ్బరు ముద్ద నింపి, పంటి మీద నొక్కి, గట్టిపడ్డాక తీసి, ఆ పొర మందాన్ని సూక్ష్మదర్శినిలో కొలిచేవారు. పొర ఎంత పలచగా ఉంటే తొడుగు అంత బాగా అతికినట్టు. ఆ కొలతలన్నీ తేలేదాకా ఆయన బోసిగా తిరగకూడదని చెల్లిని తాత్కాలికంగా అంటించి పంపారు. నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం.

ఆయన పేరు త్రిమూర్తులు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో, శవయాత్రల్లో బ్యాండు వాయించే మేళంలో క్లారినెట్ ఆయనది. వ్యానులో కూర్చుని వాయిస్తుండగా బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిందట, నోట్లో పెట్టుకుని ఊదే మౌత్‌పీస్ వచ్చి పంటికి తగిలిందట. ఆయన భార్య గంగరత్నం ఈ కథ చెబుతూ నవ్వేది. "రోడ్డు చూసుకోవయ్యా అంటే పాట చూసుకుంటాడండి ఈయన," అనేది. ఆయన క్లారినెట్ పట్టుకుంటే పెళ్లికూతురు తల దించుకుని ఏడుస్తుందని ఊళ్లో చెప్పుకునేవారు. అప్పగింతల పాట వాయించడానికి ఆయనే కావాలని పక్క జిల్లాల నుంచి కూడా కబురు వచ్చేది.

చెల్లి పంటి మీద ఉన్నన్నాళ్లూ ఆయన ఎప్పటిలాగే వాయించాడు. జాతర్లు వెళ్లిపోయాయి, పెళ్లిళ్లు వెళ్లిపోయాయి. తరవాత కొలతలు తేలాయి. అందరికంటే తక్కువ సందు నాదే. హిమజ మొహం వెలిగిపోయింది. నేనూ పొంగిపోయాను. ఆయన్ని పిలిపించి చెల్లిని ఊడదీసినప్పుడు దాని అంచున ఒక పక్కగా చిన్న గాడి కనబడింది.

"చూశారా, అప్పుడే అరిగిపోయింది. అందుకే ఈ ప్లాస్టిక్ పనికిరాదు," అంది హిమజ.

ఆ గాడి ఎందుకు పడిందో ఆమె అడగలేదు. అడిగితే ఆయన మాత్రం ఏం చెప్పగలడు? చిన్నప్పటి నుంచీ క్లారినెట్‌ను రవ్వంత పక్కకి వంచి పట్టడం ఆయన అలవాటు. మౌత్‌పీస్ ఆ ఒక్క పంటి మీదే ఆని ఆని దాని అంచు అరిగి, అందులోనే అది కుదురుకునేది. ఆ అంచు కాస్తా పంటితో పాటే విరిగి రోడ్డు మీద పోయింది. మెత్తని చెల్లి చప్పుడు లేకుండా అరిగి, ఆ చోటు మళ్లీ ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని పదార్థంలో లోపంగా రాసుకుంది. నాకూ ఆ రోజు అలాగే అనిపించింది. అరిగేవాళ్లంటే నాకు చులకన.

నన్ను అంటించారు. కొనదేలిన సూదితో చుట్టూ గీకి చూశారు. ఎక్కడా సందు తగల్లేదు. ఇంటికి వెళ్లగానే ఆయన పెట్టె తెరిచి, మౌత్‌పీస్‌కి బిగించే పలచని రెల్లు రీడు నాలికతో తడిపి, మౌత్‌పీస్ నా మీద ఆనించి ఊదాడు.

అది జారింది. పెదవి బిగించి మళ్లీ పట్టాడు. స్వరం కీచుమని విరిగింది. వంచి పట్టాడు, నిటారుగా పట్టాడు, మూతి తిప్పి పట్టాడు. నున్నటి నా అంచు మీద అది నిలవలేదు. నేను అరగను కదా, అరిగితే జిర్కోనియా ఎందుకవుతాను. కొన్నాళ్లకి అలవాటవుతుందిలే అనుకున్నాడు, అవలేదు. ఒక పెళ్లిలో అప్పగింతల పాట మధ్యలో గొంతు పగిలినట్టు స్వరం పగిలింది. పెళ్లికూతురు ఏడవడం ఆపి తలెత్తి చూసింది. ఆ చూపు ఆయన మరిచిపోలేదు.

మళ్లీ హిమజ దగ్గరికి వెళ్లాడు. "పన్ను బానే ఉందండి డాక్టరమ్మగారూ. నెప్పి లేదు, సలుపు లేదు. క్లారినెట్టు పెడితే మాత్రం జారిపోతందండి. ఆ పాత ప్లాస్టిక్కుదే మళ్లీ ఎయ్యరా?"

పాపం ఆ అమ్మాయి మంచిదే. ఓపిగ్గా కూర్చోబెట్టి తెర మీద నన్ను తిప్పి తిప్పి చూపించింది. "ఎక్కడా సందు లేదండి, మా కాలేజీలో ఇంత బాగా అతికింది ఇంకోటి లేదు. ఆ ప్లాస్టిక్‌ది పెడితే లోపల పన్ను పుచ్చిపోతుంది. మీ మంచికే చెప్తున్నాను," అంది. చెప్పింది ప్రతి అక్షరం నిజం.

ఆయన తెర వంక చాలాసేపు చూశాడు. "అవున్లెండమ్మా. తప్పు పంటిది కాదు. నాకే వయసైపోయింది," అని దణ్ణం పెట్టి లేచాడు.

ఆ మాట దగ్గరే ఆయన పాట పోయింది. నా వల్ల పోయిందనుకుని ఉంటే ఏదో దారి వెతికేవాడేమో. తన వల్ల పోయిందనుకున్నాడు కాబట్టి వెతకలేదు.

మేళంలోకి కీబోర్డు వాయించే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. ఆయన్ని పూర్తిగా మానిపించడం బాగుండదని తాళాలు చేతికిచ్చారు. బరువైన ఎర్ర కోటు వేసుకుని, వరసలో చివరన నడుస్తూ తాళం కొట్టేవాడు. అప్పగింతలప్పుడు మాత్రం టీ తాగొస్తానని పక్కకి వెళ్లిపోయేవాడు. ఆయన నోట్లో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. టీ కొట్టు దగ్గర నిలబడి, పెదాలు బిగించి, ఊదకుండానే పాటంతా లోపల వాయించుకునేవాడు. నాలిక వెనక నుంచి వచ్చి నాకు తగిలి తగిలి వెళ్లేది. అంతకంటే దుఃఖం నేను చూడలేదు.

గంగరత్నం మాత్రం ఊరుకునేది కాదు. "ఆ పన్ను ఎట్టించుకున్న కాణ్ణించే పోయింది. పీకించి పారేసుకో, బోసి నోటితోనైనా వాయించు," అనేది. ఆయన కసురుకునేవాడు. చదువుకున్నవాళ్లు కొలిచి పెట్టినదానికి వంకలు పెడతావా అనేవాడు. క్లారినెట్ పెట్టెను బీరువా మీదికి ఎక్కించేశాడు. దాని మీద దుమ్ము కూడా ఆమే తుడిచేది.

ఆయనకి గుండెపోటు వచ్చింది. పొద్దున్నే, పళ్లు తోముకుంటుండగా. బ్రష్షు నా మీదే ఉంది.

బ్యాండు వాళ్లంతా వచ్చారు. శ్మశానం దాకా వాయించారు. నన్ను తీయాలని ఎవరికీ తోచలేదు, తీద్దామన్నా నేను ఊడి రాను. మంట వచ్చింది. నేను పుట్టిన కొలిమితో పోలిస్తే అది గోరువెచ్చన. నా కింద ఉన్న పన్ను పొడి అయింది. పట్టి ఉంచిన జిగురు పోయింది. ఇన్నేళ్లు వెంట్రుక దూరనివ్వనంత దగ్గరగా ఉన్నదాన్ని, మొదటిసారి ఆయన నుంచి విడివడ్డాను. అప్పుడు నేను ఆయన్ని పిలిచాను. తొడుగుకి గొంతు ఎక్కడిది.

అస్థికలు ఏరడానికి గంగరత్నం తమ్ముడు నూకరాజు వచ్చాడు. త్రిమూర్తులు ఉన్న మేళంలోనే ఇతను డ్రమ్ము వాయించేవాడు. ఆడవాళ్లు రాకూడదన్నా వినకుండా గంగరత్నం కూడా వచ్చింది. నీళ్లు చల్లి బూడిద కదుపుతుంటే తెల్లగా, మెరుస్తూ నేను బయటపడ్డాను.

"అక్కా! బావ పన్ను! ఇంత మంటలో కూడా కాలలేదే! చూడవే, ఎట్టా మెరిసిపోతందో. మహానుభావుడే మా బావ. క్లారినెట్టు ఆనిన పన్నే ఇది!" అని నూకరాజు ఏడ్చేశాడు. కాటికాపరి కూడా వంగి చూసి చేతులు జోడించాడు.

పక్కనే కొత్త కుండ ఉంది. చిన్న గిన్నెలో పాలు ఉన్నాయి. ఎముక ముక్కల్ని పాలతో కడిగి కుండలో వేస్తున్నారు. నేను కూడా వాటితో పాటు గోదాట్లోకి వెళతానని ఆశపడ్డాను. ఆయన్ని అంత దగ్గరగా అంటిపెట్టుకున్నది ఇంకెవరు?

గంగరత్నం చెయ్యి చాపింది. నూకరాజు నన్ను ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె వేలితో నా అంచు నిమిరింది. నున్నగా ఉంది. ఎక్కడా అరగలేదు.

"ఇది మీ బావది కాదురా," అంది.

"కాదేంటక్కా, నోట్లోదేగా..."

"కాదన్నానుగా. కుండలో ఎయ్యకు."

ఆమే వంగి నన్ను బూడిద పక్కన నేల మీద పెట్టింది. విసిరెయ్యలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఎముకల మీద పాలు పోసి, కుండకి గుడ్డ కట్టించింది. వాళ్లు వెళ్లిపోయారు. కాటికాపరి చీపురు తెచ్చి మిగిలిన బూడిదతో పాటు నన్నూ గోడ మూలకి ఊడ్చాడు.

ఇప్పుడు అక్కడే ఉన్నాను. వానలు వస్తున్నాయి, వెళుతున్నాయి. నా మీద ఒక్క గీత పడలేదు.