పీక్‌కి భుజం

ఏలూరు పక్క వట్లూరులో, రొయ్యల్ని పరీక్షించే ల్యాబులో గుల్నాజ్ కెమిస్టు. ల్యాబుకి కొత్త కాలమ్ వచ్చిన రోజే ఆమె మనసు చెడింది.

కాలమ్ అంటే జానెడు స్టీలు గొట్టం, లోపలంతా సిలికా పొడి. రొయ్యల నుంచి తీసిన రసాన్ని అందులోంచి తోస్తే ఒక్కో పదార్థం ఒక్కో వేళకు బయటపడి, కంప్యూటరు తెర మీది గీతలో కొండకొమ్ములా ఒక్కో పీక్‌గా లేస్తుంది. పాతదాని రేణువులు నడిమిదాకా బొరియలే. దూరినవి తలో దారినా తిరిగొచ్చి ఒకదాని మీద ఒకటి పడేవి. కొత్తదాని రేణువు నేరేడు పండు లాంటిది. మధ్యలో గట్టి గింజ, పైన పలచగా బొరియల కండ. దూరినవి లోపల తప్పిపోకుండా వరసగా వచ్చేస్తాయి.

దాన్ని సరిచూడ్డానికి ఫ్రీజరులో ఉన్న పోయిన పంట శాంపిల్ ఒకటి ఎక్కించింది. కైకలూరు రైతు భానుప్రకాష్ రొయ్యల చెరువుది. నిషేధించిన మందు ఉందని తనే సంతకం పెడితే వెనక్కి పోయిన సరుకు. అప్పుడు ఒకటే అనుకున్న పీక్ ఇప్పుడు రెండుగా విడిపోయింది. రెండింట్లో ఒక్కటీ మందుది కాదు. మేతలోవేవో.

అసలు మొదటిసారి పరీక్షించిన రోజే పీక్ పక్కన భుజంలా చిన్న ఉబ్బు కనబడింది. మళ్లీ నడపాలనుకుంది. సరుకు కొనే కంపెనీవాళ్లు రిపోర్టు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, కాలమ్ పాతబడిందిలే అని సర్దుకుంది. భానుప్రకాష్ ఏమో, మందు తను కలపలేదు కాబట్టి చెరువు కాపలావాడు విశ్వాసమే కలిపాడని, నలుగురి ముందూ అతన్ని పనిలోంచి తీసేసి గట్టు దింపేశాడు.

విశ్వాసం ఇప్పుడు కైకలూరులో ఐసు దిమ్మలు కొట్టే పని చేస్తున్నాడని తెలిసి గుల్నాజ్ వెళ్లింది. భుజం సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పింది. అతను పని ఆపకుండానే విన్నాడు.

“నేను కలపలేదని నాకు తెలుసు కదండీ. తెలీనాయనకి చెప్పకుండా నా దగ్గరికొచ్చారేంటండీ?”

నిజమే. తిట్టని మనిషిని వెతుక్కుంటూ వచ్చింది. అక్కడే నిలబడి భానుప్రకాష్‌కి ఫోన్ చేసి, రిపోర్టు తప్పని, ఆ తప్పు తనదేనని, విశ్వాసం దగ్గర్నుంచే మాట్లాడుతున్నానని చెప్పింది.

“వాడు అక్కడే ఉన్నాడాండీ? ఒకసారి ఇవ్వండి,” అన్నాడాయన.

ఆమె ఫోన్ చాపింది. విశ్వాసం దానికేసి చూసి, ఇంకో ఐసు దిమ్మ ముందుకు లాక్కున్నాడు.

“చేతులు తడిగా ఉన్నాయని చెప్పండమ్మా.”

గుల్నాజ్ ఆ మాటే చెప్పింది.