అంచులో బరువు

ఆ సంఘంలో ఎవరు బాప్తిస్మం తీసుకోవాలన్నా ముందు టేపక్క దగ్గర కొలతలకి నిలబడాల్సిందే. ఆవిడ అసలు పేరు సంఘం పుస్తకంలో ఉందేమో గానీ ఎవరి నోటా లేదు. కొలతల టేపు మెడలోంచి తియ్యకుండానే ఆరాధనకి వచ్చేస్తుంది కనక అందరికీ టేపక్క. పాటలు పాడేటప్పుడు ముందు వరసలో వాళ్ళ భుజాల కుట్టు చూసి, ఈ ఘనకార్యం ఏ దర్జీదో అని లెక్కలు వేస్తుందని ఆవిడ మీద ఒక నింద కూడా ఉంది. నిజమే.

బాప్తిస్మం అంగీ కుట్టడంలో ఒక కిటుకుంది. నీళ్ళ తొట్టిలోకి దిగగానే వదులు అంగీ గాలి పట్టి గొడుగులా పైకి లేస్తుంది. మనిషి పాత బతుకు విడిచిపెడుతున్న ఘడియలో జనానికి మోకాళ్ళు కనపడితే ఏం బావుంటుంది? అందుకని అంచు మడతలో ఆరు సీసపు బిళ్ళలు పెట్టి కుట్టేస్తుంది టేపక్క. ఆ బిళ్ళలు ఆవిడ భర్త చేసినవే. ఆయన తాపీ పనివాడు. సాయంత్రాలు పాత సీసపు గొట్టం ముక్కలు సుత్తితో పలచగా కొట్టి, నున్నగా అరగదీసి, ఒక రేకు డబ్బా నింపిపెట్టాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. డబ్బాలో బిళ్ళలు ఇంకా సగం ఉన్నాయి.

ఆయన పరంజా మీంచి పడ్డాడు. పలక గట్టిగా కట్టించకపోవడం మేస్త్రీ తప్పు. ఆ సంగతి తెలిసీ మేస్త్రీ, తాగి ఎక్కాడని పైవాళ్ళకి చెప్పేశాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి మీద ఆ మాట. మంచం పట్టిన ఏడాదంతా నడుం నొప్పి కన్నా అదే ఆయన్ని తినేసింది. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరికీ, అడిగినా అడక్కపోయినా, నేను తాగలేదండీ అని చెప్పుకునేవాడు. పోయే ముందు రోజు కూడా అదే చెప్పాడు.

ఇప్పుడా మేస్త్రీ బాప్తిస్మానికి పేరిచ్చాడు.

కొలతలకి వచ్చి కొట్టు గుమ్మంలో చాలాసేపు తచ్చాడాడు. టేపక్క కుట్టుమిషను ఆపలేదు. చివరికి లోపలికొచ్చి, "అక్కయ్యా, మీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు.

"మీకు నేను అక్కయ్యని కాను. చేతులు చాపండి."

భుజం, ఛాతీ, పొడవు కొలిచింది. ఈ మనిషి మెడకి టేపు చుట్టాల్సి వచ్చినప్పుడు ఆవిడకొచ్చిన ఆలోచన ఏ ప్రార్థనలోనూ చెప్పుకోదగ్గది కాదు. అతను మళ్ళీ నోరు తెరవబోతే, కొలతలకి మాటలక్కర్లేదు, వెళ్ళిరండి అంది.

ఆ సాయంత్రమే పాస్టరు అయ్యగారి దగ్గరికెళ్ళి ఉన్నదంతా చెప్పింది. అతన్ని చేర్చుకోవద్దని, చేర్చుకుంటే తన చేత కుట్టించొద్దని అడిగింది. ఆయన ఆవిడకి కుర్చీ చూపించారు.

"గుమ్మంలో నిలబడి మనుషుల్ని ఏరడానికి సంఘం నాది కాదమ్మా. నిన్ను కూడా నేను ఏరి తీసుకోలేదు. ఆ మాట అతను ముందు నీతో చెప్పాలి. చెప్పనిచ్చావా?"

టేపక్క లేచి వచ్చేసింది. దారంతా ఒళ్ళు మండిపోయింది. మనమంతా ఒక్క శరీరంలో అవయవాలమని ప్రతి ఆదివారం వింటూనే ఉంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఒళ్ళంతా నొప్పి పడుతుందని కూడా విన్నది. మరి ఆ ముల్లే వచ్చి నేనూ అవయవాన్నే అంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

పేరిచ్చిన ఆరుగురికీ అంగీలు కుట్టింది. అయిదింటి అంచుల్లో బిళ్ళలు పెట్టింది. ఆరోది మేస్త్రీది. దాని కోసం డబ్బాలోంచి ఆరు బిళ్ళలు తీసి అరచేతిలో పోసుకుంది. ఆయన చేతి బిళ్ళలు ఇతని పరువు కాపాడాలా? తిరిగి డబ్బాలో పడేసి, ఖాళీ అంచు మడిచి కుట్టేసింది. ఆదివారం ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. సంతోషంగానే ఉంది.

శనివారం ఆడపడుచు ఇస్త్రీకి సాయం వచ్చింది. పోయినాయనకి ఈవిడ సొంత అక్క. అంగీలు ఒక్కొక్కటే ఎత్తుతూ ఆరోదాని దగ్గర ఆగి, ఇది తేలిగ్గా ఉందేమే అని అడిగింది.

గుడ్డ రకం వేరు వదినా అంది టేపక్క. ఆడపడుచు ఆవిడ ముఖం ఒకసారి చూసి, అంగీ మడత పెట్టింది. ఇంత తేలిగ్గా అబద్ధం నోట్లోకి వస్తుందని టేపక్క అనుకోలేదు. ఆ రోజు అన్నం సయించలేదు.

ఆదివారం వేదిక ముందు తొట్టి మీద కప్పిన పలకలు తీసి నీళ్ళు నింపారు. బాప్తిస్మం అయినవాళ్ళకి తువ్వాలు అందించడం టేపక్క, ఆడపడుచుల పని. ఒక్కొక్కరే సాక్ష్యం చెప్పి నీళ్ళలోకి దిగారు. అయిదు అంగీలూ బుద్ధిగా కాళ్ళని అంటుకుని ఉన్నాయి. చివర మేస్త్రీ లేచాడు. నేను చాలా తప్పులు చేశాను, దేవుడు క్షమించాడు అన్నాడు. టేపక్కకి చిర్రెత్తింది. గంపగుత్తగా ఒప్పేసుకుంటే ఏ తప్పుకీ పేరుండదు.

అతను మెట్లు దిగాడు. నడుం దాకా నీళ్ళొచ్చేసరికి అంగీ ఉబ్బి పైకి లేచింది. ఎడమ వైపు అదిమితే కుడి వైపు లేచింది, కుడి వైపు అదిమితే వెనక లేచింది. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు, ఒకళ్ళిద్దరు పెద్దవాళ్ళు కూడా తల దించుకుని నవ్వారు. అతను గట్టు మీద నిలబడ్డ మిగతా అయిదుగురి బరువైన తడి అంచులు చూశాడు. తర్వాత టేపక్క వైపు చూశాడు. అర్థమైంది అతనికి.

చేతులు గుండెల మీద పెట్టుకో అన్నారు అయ్యగారు. అతను అదిమిన చెయ్యి తీసేసి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నాడు. అంగీ పూర్తిగా లేచింది.

ఈ నవ్వు కోసం పది రోజులుగా ఎదురుచూసింది టేపక్క. తీరా వచ్చాక అది ఆవిడకి చేదుగా ఉంది. నలుగురిలో పరువు పోయి, చెప్పుకునే దారి లేక నిలబడ్డ మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఏడాది పాటు మంచం మీద చూసింది.

తువ్వాలు ఆడపడుచు చేతిలో పెట్టి, కట్టుకున్న చీరతోనే తొట్టిలోకి దిగిపోయింది. నీళ్ళలో వంగి, అంగీ అంచు రెండు గుప్పిళ్ళతో పట్టుకుని కిందికి లాగింది. మెడలో టేపు నీటి మీద తేలింది. అయ్యగారు ఆగారు.

మేస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు. "ఆయన తాగలేదు" అన్నాడు ముందు ఆవిడతో. తర్వాత తలెత్తి అందరికీ వినపడేలా చెప్పాడు. "ఈవిడ భర్త తాగలేదు. పలక నేనే సరిగా కట్టించలేదు. తాగాడని అబద్ధమాడాను. తాగలేదని ఆయన చెబుతూ చెబుతూ చచ్చిపోయాడు."

గట్టు మీద ఆడపడుచు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అయ్యగారు అతన్ని నీళ్ళలో ముంచి లేపారు. టేపక్క మాత్రం అంచు వదల్లేదు. ఇంక వదిలెయ్యమ్మా అని ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇద్దరూ తడిసి ముద్దయి మెట్లెక్కారు. మిగిలింది ఒక్కటే తువ్వాలు. ఆడపడుచు దాన్ని మరదలి భుజాల మీద కప్పబోయింది.

టేపక్క ఆ చెయ్యి ఆపింది.

"ముందు తమ్ముడికివ్వు వదినా."