ఏడు నెలలు వెనకబడ్డ అద్దం

"నా కుర్చీలో మేకలా కూర్చున్నవాడు సింహంలా లేస్తాడు" అని బార్బరు ముప్పై ఏళ్లుగా చెప్పుకునేవాడు. చెప్పి, దువ్వెన దులుపుతూ, "జూలు మాత్రం ఇక్కడే రాలిపోతుందనుకోండి" అని తన గాలి తనే తీసేసుకునేవాడు.

పొద్దున ఎనిమిదింటికి షట్టరు ఎత్తడం, నేల తుడవడం, కత్తెర్లు వేడినీళ్లలో వేయడం ఆయన పనులు. షాపులో ముందు సగం ఆయనది, తెర వెనక సగం వాళ్లావిడది. ఆవిడ దర్జీ. తెరకి ఇటొకటి అటొకటి రెండు కత్తెర్లు రోజంతా కచకచలాడుతుంటే, బెంచీ మీద కూర్చున్నవాళ్లకి ఆలుమగలు పోట్లాడుకుంటున్నట్టే ఉండేది. చాలాసార్లు అది నిజం కూడాను.

గోడ నిండా ఉన్న అద్దం ఏడు నెలలు వెనకబడి నడిచేది. ఇవాళ దాని ముందు నిలబడితే, ఏడు నెలల కిందట ఆ షాపులో జరిగింది కనిపిస్తుంది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. షాపు అమ్మినాయన ముందే చెప్పాడు, "అద్దం కాస్త మందకొడి" అని. గోడకి బిగించేసి ఉంది, ఊడదీస్తే పగుల్తుందని అలాగే ఉంచేశారు. ఎవరికీ అదో ఇబ్బంది కాలేదు. గొడుగు పోగొట్టుకున్నవాళ్లు, ఓపికుంటే, ఏడు నెలలాగి వచ్చి ఎవరు పట్టుకెళ్లారో చూసుకునేవాళ్లు. ముసలి పోస్ట్‌మాన్ పోయాక ఆయన భార్య ప్రతి శనివారం వచ్చి, అద్దంలో ఆయన గడ్డం గీయించుకుంటుంటే చూసి వెళ్లేది. ఏడో నెల దాటాక రావడం మానేసింది. ఇప్పటి మొహమే కావాలనేవాళ్లకి బార్బరు చేతి అద్దం ఇచ్చేవాడు.

ఆయన చేతిలోంచి కత్తెర మొదటిసారి జారింది తొలకరి వానల రోజుల్లో. నూనె చేతులనుకున్నాడు. రెండోసారి జారినప్పుడు కత్తెరని తిట్టాడు. మూడోసారి అది కస్టమరు ఒళ్లో పడింది, మొన తిరగబడి పడింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత చొక్కా బొత్తాలు పెట్టుకోవడం పావుగంట పనైంది. కుడి బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగి గుంట పడింది. జబ్బ మీద చర్మం కింద పురుగు పాకినట్టు ఒకటే అదురు. తర్వాత కుడి పాదం నేలకి రాసుకోవడం మొదలెట్టింది.

"బొత్తాలు తీసేసి హుక్కులు కుట్టనా?" అంది వాళ్లావిడ ఒకరోజు, ఆయన వైపు చూడకుండా.

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

"పసిపిల్లాడైతే బాగానే ఉండును. చెప్పిన మాట వినేవాడు."

నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ సూదులు గుచ్చి కండలు పరీక్షించింది, మెడకి స్కాన్ తీయించింది, ఓపిగ్గా ప్రశ్నలడిగి అన్నీ రాసుకుంది.

"గడ్డిలో, చెట్లూ పుట్టల్లో తిరిగారా ఈ మధ్య? పురుగేమైనా కుట్టిందా? ఒంటి మీద మచ్చలేమైనా వచ్చాయా?"

బార్బరు పక్కనున్న భార్య వైపోసారి చూశాడు. "లేదమ్మా. షాపు, ఇల్లు. ఇల్లు, షాపు."

చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే.

రెండు వారాలకి డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. ఏఎల్ఎస్. కండలకి కబుర్లు మోసే నరాలు ఒక్కొక్కటే మూగబోతాయట. చేతులు, కాళ్లు, మాట, మింగడం, ఆఖరికి ఊపిరి. నయం చేసే మందు లేదు, నెమ్మదిగా నడిపించే మాత్ర ఉంది. ఎన్నాళ్లని అడిగితే, "మూడేళ్లు, నాలుగేళ్లు. కొందరికి ఇంకా ఎక్కువ" అంది. వాళ్లావిడ సంచీలోంచి కొలత టేపు తీసి, వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. ఇంటికొచ్చే దారంతా అదే పని.

ఆ రోజు నుంచి బార్బరు ఒకచోట కూర్చోలేదు. గుమ్మం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి గుమ్మానికి, పాదం ఈడ్చుకుంటూ తిరగడమే. తువ్వాలు మడతపెట్టేవాడు, విప్పేవాడు. జుట్టు కత్తిరించే పని వాళ్లావిడ మీద పడింది. "గుడ్డయినా జుట్టయినా అంచు అంచే" అని ఆవిడ సుద్దముక్కతో మెడ వెనక గీత గీసి మరీ కత్తిరించేది. కస్టమర్లు కిక్కురుమనకుండా కూర్చునేవాళ్లు. ఎదురుగా అద్దంలో మాత్రం ఏడు నెలల కిందటి బార్బరు, చెయ్యి ఎక్కడుందో తెలియనంత వేగంగా ఎవరి తలో దువ్వుతూ, కత్తిరిస్తూ, నోరు మూయకుండా కబుర్లు చెబుతూ కనిపించేవాడు.

ఈ బార్బరు ఆ బార్బరుని చూసి కుళ్లుకునేవాడు. అంతలో ఇంకో ఆలోచన వచ్చేది. తను పోయాక ఏడు నెలలపాటు వాళ్లావిడ ఈ బెంచీ మీదే కూర్చుని చూస్తుందా? అప్పుడామెకి కనిపించేది ఆ వేగంగా కత్తిరించేవాడు కాదు, ఈ కాలీడ్చేవాడు. అది తలుచుకుంటే నిలబడ్డచోట నిలబడలేకపోయేవాడు.

దీనికి తోడు ఇంకో దిగులు. చావు దగ్గర పడ్డవాడికి సిగ్గు ఉండదంటారు. అబద్ధం. ఆయన సిగ్గుకి తేదీ కూడా ఉంది.

వేసవి మొదట్లో ఆయన పిరుదు మీద ఏదో మచ్చ లేచింది. కూర్చుంటే ఉన్నట్టూ లేనట్టూ వెచ్చగా ఉండేది. భార్యకి చూపిస్తే, ఎక్కడిది, ఎలా వచ్చింది అని ఆరా తీస్తుంది. కాబట్టి ఓ మధ్యాహ్నం ఆవిడ దారాలు కొనడానికి వెళ్లినప్పుడు షాపు తలుపు గడియపెట్టి, ప్యాంటు దించి, చేతి అద్దంలో చూసుకున్నాడు. మనిషికి తన వెనక భాగం చూపించడానికే కదా బార్బర్ల దగ్గర ఆ అద్దం ఉండేది. వెలుతురు బావుందని షాపు మధ్యలో నిలబడ్డాడు. పెద్దద్దానికి వీపు పెట్టి. రెండు వారాలకి మచ్చ దానంతటదే పోయింది, ఆయనా మర్చిపోయాడు. ఏడో నెల దగ్గరపడ్డాక, ఓ రోజు పళ్లు తోముకుంటుంటే, ఆ మధ్యాహ్నం తన వెనకున్న పెద్దద్దం గుర్తొచ్చింది. బ్రష్షు నోట్లోంచి జారిపోయింది. ఆ ఒక్కటీ జబ్బు వల్ల కాదు.

ఏ రోజో కచ్చితంగా తెలియదు. అందుకని ఆ వారమంతా పన్నెండున్నర కాగానే అద్దం మీద దుప్పటి కట్టడం మొదలెట్టాడు.

"మళ్లీనా?" అంది వాళ్లావిడ గురువారం నాడు. కుర్చీలో పశువుల డాక్టరు ఉన్నాడు, ఆయన తల సగం అయింది. బెంచీ మీద బస్సు కండక్టరు, లెక్కల టీచరు. "ఏముందయ్యా ఆ అద్దంలో?"

"ఎండ. కళ్లలో కొడుతోంది."

"బయట మబ్బేసి చస్తుంటే ఎండేంటి బాబాయ్!" అన్నాడు కండక్టరు.

ఎడమ మేకుకి ముడి పడింది. కుడి మేకు దగ్గర బొటనవేలు నొక్కి పట్టాలి. మనసు నొక్కమంది, వేలు వినలేదు. దుప్పటి కొస జారింది, దాని బరువుకి రెండో ముడీ ఊడింది, మొత్తం కిందపడింది.

అద్దంలో వేసవి వెలుతురు. ఖాళీ షాపు. అప్పటి బార్బరు వచ్చి గడియ పెట్టాడు. తెర ఎత్తి లోపల ఎవరూ లేరని రూఢి చేసుకున్నాడు. చేతి అద్దం అందుకున్నాడు. బెల్టు విప్పాడు.

"అయ్యయ్యో, అటు చూడకండి!" అంటూ ఇప్పటి బార్బరు అడ్డం వెళ్లబోయాడు. కుడి పాదం దుప్పట్లో చిక్కుకుని కుర్చీ పట్టుకు వేలాడాడు. చూడొద్దంటే చూడకుండా ఎవరుంటారు?

"ఆఖరి స్టాపు! మొత్తం దిగిపోయింది!" అని అరిచాడు కండక్టరు.

"పట్టపగలు షాపులో ఇదేం పోయేకాలమయ్యా నీకు!" అంది వాళ్లావిడ, సుద్దముక్క చేత్తోనే నోరు నొక్కుకుంటూ.

లెక్కల టీచరు మాత్రం కళ్లజోడు సర్దుకుని, "ఆహా, ఎంత కచ్చితంగా ఉన్నాయి! ఏకకేంద్ర వృత్తాలు" అన్నాడు.

పశువుల డాక్టరు నవ్వు అక్కడాగిపోయింది. మెడకి కట్టిన గుడ్డతో, సగం తలతో లేచి, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాడు.

"అన్నయ్యా, మరీ అంత దగ్గర్నుంచి చూడాల్సినంత అందం లేదులే" అంది వాళ్లావిడ.

"నవ్వకమ్మా." మధ్యలో ఎర్రటి చుక్క, చుట్టూ పాలిపోయిన వలయం, దాని చుట్టూ మళ్లీ అరచేయంత ఎర్రటి వలయం. ఆయన ఫోను తీసి టకటకా ఫోటోలు తీశాడు. "బావగారూ, ఇది దురద పెట్టిందా?"

"లేదు." బార్బరు కళ్లు మూసుకునే జవాబిచ్చాడు.

"జ్వరం?"

"ఓ రెండ్రోజులు ఒళ్లు నొప్పులు. అంతే. ఆ ఫోటోలు తీసేయండి డాక్టరు గారూ, మీకు పుణ్యముంటుంది."

"తీసెయ్యను, నరాల డాక్టరుకి చూపిస్తాను. ఇది పిడుదు కుట్టిన మచ్చలా ఉంది. జింకల మీద బతికే పిడుదు, గసగసంత ఉంటుంది, కుట్టినట్టే తెలియదు. అది లైమ్ అనే జబ్బు అంటిస్తుంది. కుక్కలు ఈ జబ్బుతో కుంటుకుంటూ వస్తాయి నా దగ్గరికి. మనుషుల్లో అది నరాల్లోకి దిగితే రకరకాల వేషాలు వేస్తుందని చదివాను. డాక్టరమ్మ మీకు చెప్పిన ఆ పెద్ద జబ్బు వేషం కూడా అరుదుగా వేస్తుందట."

అద్దంలో అప్పటి బార్బరు ప్యాంటు పైకి లాక్కుని, రెండు చేతులతో, తృటిలో బొత్తాం పెట్టుకున్నాడు.

"వేషమైతే?" అంది వాళ్లావిడ.

"వేషమైతే మందుంది తల్లీ."

"మరి కూర్చున్నావేంటయ్యా, చెప్పులేసుకో" అందావిడ. ఆయన కూర్చోలేదు, ఇంకా కుర్చీ పట్టుకు వేలాడుతూనే ఉన్నాడు.

ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. పశువుల డాక్టరు సగం తలతోనే వెళ్లాడు. నరాల డాక్టరమ్మ ఫోటో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. బార్బరు ఆమె టేబులు మీది పెన్నుల స్టాండు తిప్పుతూ ఉన్నాడు, ఆపమంటే ఆపి, మళ్లీ తిప్పాడు.

"ముందే మీకు ఎక్కువ ఆశ పెట్టను" అందావిడ. "ఈ లక్షణాలతో వచ్చేవాళ్లలో చాలామందికి అది ఆ పెద్ద జబ్బే. కానీ ఈ మచ్చ చూశాక పరీక్ష చేయకపోతే నాది తప్పు. రక్తం, వెన్నులో నీరు, రెండూ పంపిస్తాను." తర్వాత ఫైలు తిప్పి ఒక గీత కింద వేలు పెట్టింది. "చూడండి, ఇక్కడ అడిగాను. గడ్డిలో తిరిగారా అని. మీరు లేదన్నారు. మచ్చ లేదన్నారు. అందుకే ఆ పరీక్ష రాయలేదు."

ఆత్రం ఆగనివాళ్ల కోసం ఇక్కడే చెప్పేస్తే పోతుంది. పరీక్షలు రెండూ లైమ్ అనే చెప్పాయి. నెల రోజులు నరంలోకి మందెక్కించారు. మొదటి నెల తేడా ఏమీ లేదు. జబ్బు ముందుకి కదలకపోవడమే తేడా అంది డాక్టరమ్మ. మూడో నెల ఓ పొద్దున ఆయన చొక్కా మూడో బొత్తాం పెట్టుకుని, నాలుగోది పెట్టుకోకుండా వెళ్లి వాళ్లావిడకి చూపించాడు. ఆవిడ సగం కుట్టిన హుక్కులన్నీ విప్పేసింది. పాదం పైకి లేచింది. బొటనవేలి గుంట మాత్రం పూర్తిగా పూడలేదు, ఒత్తు జుట్టున్న తలలకి ఇప్పటికీ ఆవిడే కత్తెర పెడుతుంది.

కానీ అదంతా తర్వాత. ఆ గురువారం సాయంత్రానికి ఎవరికీ ఏమీ తెలియదు. నర్సు బార్బరు చేతికి పట్టీ బిగించి రక్తం తీస్తోంది. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఫోటో ఒక్కటే చాలదు. ఆ పిడుదులు ఎక్కడపడితే అక్కడ ఉండవు. వేసవి మొదట్లో మీరు ఎక్కడికెళ్లారు?"

"ఎక్కడికీ..." అని బార్బరు భార్య వైపు చూశాడు. ఆవిడ టేపు చుట్టడం ఆపింది.

"చెప్పు. ఊరందరూ చూడాల్సింది చూసేశారు. ఇంకా దాచేదేముంది?"

"గుట్ట అవతల ఊరికి. గడ్డిలోంచి అడ్డదారి ఉంది. జింకలు తిరుగుతుంటాయి."

"బస్సుందిగా?"

"బస్సులో మన కండక్టరు ఉంటాడుగా. ఊరంతా చాటింపు వేస్తాడు."

"గడ్డిలో ఎంతసేపున్నారు?" అంది డాక్టరమ్మ రాసుకుంటూ.

"మామూలుగా అయితే నడిచి వెళ్లిపోతాను. ఆ రోజు ఎదురుగా మా కస్టమర్లు ఇద్దరొస్తున్నారు. కనపడకుండా గడ్డిలో చతికిలబడ్డాను. వాళ్లు అక్కడే నిలబడి అరగంట కబుర్లాడారు." ఆగాడు. "అందులో ఒకరు ఈయనే."

పశువుల డాక్టరు సగం తల మీద చెయ్యి పెట్టుకుని సీలింగు వైపు చూశాడు. "ఒక్కసారే వెళ్లాను బావగారూ. మీ మీద ఒట్టు."

"ఎక్కడికి?" అంది వాళ్లావిడ. "ఎక్కడికి వెళ్లారు మీరందరూ? ఏముందయ్యా గుట్ట అవతల?"

నర్సు సూది తీసి దూది అద్దింది. బార్బరు దూదిని వేలితో నొక్కి పట్టబోయాడు. వేలు ఆగలేదు, వాళ్లావిడే వచ్చి నొక్కింది. అంత దగ్గరికి వచ్చాక ఇక అబద్ధం నోటికి రాలేదు.

"కటింగ్ షాపు" అన్నాడు బార్బరు, నేలచూపులు చూస్తూ. "పదకొండేళ్లుగా నా తల అక్కడే చేయించుకుంటున్నానే. అతను నాకంటే బాగా చేస్తాడు."